జలపాతం లేని జలపాతపు ఊరు

పిల్లలూ! అమెరికా పటం ఒకటి ముందు పెట్టుకోండి. తూర్పు తీరాన న్యూయార్క్ మహానగరం కనిపిస్తుంది. అదే పేరుగల రాష్ట్రం కూడా ఒకటి ఉన్నది. ఆ రాష్ట్రంలో పడమటి వైపు చూడండి. ఎవరో చేతివేళ్ళతో మెత్తటి నేలను ఒత్తినట్టు, సన్నగా, పొడుగ్గా 11 సరస్సులు వరసగా ఉంటాయి. అక్కడివారు వాటిని 'వేళ్ళ సరస్సులు' అనే అంటారు. వాటిలో పెద్దవి రెండు: ఒకటి సెనెకా, రెండవది కయూగా. సెనెకా సరస్సులో పుట్టి కయూగా వైపు పారే ఒక చిన్న నది ఉన్నది. దాని ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరు సెనెకా ఫాల్స్. ఈ నెల మనం చూడబోయేది ఆ ఊరే.

'ఫాల్స్' అంటే జలపాతం. కాని ఊరంతా గాలించినా మీకు జలపాతం కనిపించదు. ఎందుకని? పూర్వం ఇక్కడ నది రాళ్ళమీదుగా మెట్లుమెట్లుగా, హోరుమంటూ కిందికి దూకేది. ఆ నీటి వేగంతో చక్రాలు తిప్పి పిండిమరలు, ఉన్ని మిల్లులు, పంపులు తయారుచేసే కర్మాగారాలు నడిపారు. తరవాత పెద్ద పడవలు పోవటానికి వీలుగా కాలవను లోతుచేసి, ఆనకట్టలూ తలుపులూ కట్టారు. 1915లో నీరు పైకి లేచి జలపాతాన్ని ముంచేసింది. ఒడ్డున ఉన్న ఇళ్ళూ, మిల్లులూ పోయాయి. ఇప్పుడు అక్కడ ఉన్నది కదలని చెరువు. జలపాతం పేరులో మాత్రం మిగిలింది.

జలపాతం లేని ఊరికి జనం ఏం చూడటానికి వస్తారు? బజారులో ఉన్న ఒక ఇటుకల మందిరాన్ని చూడటానికి వస్తారు. 1848 జులై 19, 20 తేదీలలో ఆ మందిరంలో ఒక సభ జరిగింది. స్త్రీల హక్కులను గురించి అమెరికాలో జరిగిన మొదటి మహాసభ అదే. అయితే ఆ సభ ఉన్నట్టుండి ఆకాశంనుంచి ఊడిపడలేదు. దాని కథ తెలియాలంటే ముందు నది దాటి, అవతలి గట్టున ఉన్న ఒక ఇంటికి పోవాలి. రండి.

ఇది చెక్కతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. 1847లో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అనే ఆవిడ భర్తతోనూ పిల్లలతోనూ ఇక్కడికి కాపరానికి వచ్చింది. ఆమె తండ్రి పేరుపొందిన న్యాయవాది, ఆ తరవాత న్యాయమూర్తి. చిన్నప్పుడు ఎలిజబెత్ ఆయన కచేరీ గదిలో ఒక మూల కూచుని, వచ్చినవాళ్ళ గోడు వింటూ ఉండేది. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. 'నా డబ్బుతో కొన్న పొలం నాకు కాకుండా పోయిందండీ' అని ఒకామె ఏడిచేది. తండ్రి జాలిపడేవాడే గాని, బీరువాలోనుంచి లావుపాటి పుస్తకం తీసి, చట్టం ఇలా ఉన్నది, నేను చేయగలిగింది లేదు అనేవాడు. ఎందుకంటే ఆ రోజుల్లో పెళ్ళి అయిన స్త్రీకి ఆస్తి లేదు. ఆమె కూలికి పోయి సంపాదించినా ఆ డబ్బు భర్తదే. పిల్లలమీద హక్కు కూడా భర్తదే.

ఇది చూసి చిన్న ఎలిజబెత్ ఒక ఉపాయం ఆలోచించింది. కత్తెర తీసుకుని, ఆ పుస్తకాల్లో ఉన్న చెడ్డ చట్టాలన్నిటినీ కత్తిరించి పారేస్తే సరి! చట్టాలు ఆ పుస్తకాల్లోనే ఉన్నాయని ఆ పిల్ల అనుకున్నది. ఈ సంగతి తండ్రికి తెలిసింది. ఆయన కోప్పడలేదు. చట్టాలు చేసేవారు ఆల్బనీ నగరంలో ఉంటారనీ, నా పుస్తకాలన్నీ తగలబడినా ఆ చట్టాలు పోవనీ, పెద్దయ్యాక నీవు అక్కడికి పోయి వాళ్ళకు నచ్చచెప్పాలనీ ఆమెకు బోధపరిచాడు. ఆ మాట ఆయన మరిచిపోయి ఉండవచ్చు. కూతురు మరవలేదు.

ఆ కాలంలో అమెరికాలో అనేక లక్షల మంది నల్లవారు బానిసలుగా ఉండేవారు. వాళ్ళను పశువుల్లాగా కొనేవారు, అమ్మేవారు. ఇది పాపమని చెప్పి, దానిని మాన్పించటానికి నడుం కట్టినవారిలో స్త్రీలు చాలామంది ఉన్నారు. ఫిలడెల్ఫియా నగరంలో 1833లోనే స్త్రీలు నల్లవారూ తెల్లవారూ కలిసి బానిసత్వ వ్యతిరేక సంఘం పెట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగి అర్జీలమీద సంతకాలు చేయించేవారు. సంతలు పెట్టి డబ్బు పోగుచేసేవారు. కొందరైతే బానిసల చేత పండించిన పత్తితో చేసిన బట్ట కట్టేవారు కారు, అటువంటి పంచదార తినేవారు కారు. ఫిలడెల్ఫియాకు చెందిన లుక్రీషియా మాట్ అలాంటి మనిషి. ఆమె క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినది. వారి ప్రార్థన సభల్లో ఆడవారు కూడా లేచి మాట్లాడవచ్చు.

1840లో లండన్ నగరంలో బానిసత్వ వ్యతిరేక ప్రపంచ మహాసభ జరిగింది. అమెరికానుంచి లుక్రీషియా మొదలైన స్త్రీలు ప్రతినిధులుగా ఓడ ఎక్కి, మహాసముద్రం దాటి అక్కడికి పోయారు. తీరా పోయేసరికి, స్త్రీలు ఈ సభలో ప్రతినిధులుగా కూచోరాదు అని పురుషులు వోటు వేసి తేల్చారు. ఒక పక్క అడ్డుగట్టి, తెర చాటున వాళ్ళను కూచోబెట్టారు. వినవచ్చు, నోరు విప్పకూడదు! ఎలిజబెత్‌కు అప్పుడు 24 ఏళ్ళు. కొత్తగా పెళ్ళి చేసుకుని భర్తతో ఆ సభకు వచ్చి ఉన్నది. అక్కడే ఆమెకు లుక్రీషియాతో స్నేహం కలిసింది. ఇతరుల సంకెళ్ళు తెంచటానికి వచ్చిన మనకు మాట్లాడే హక్కయినా లేదేమిటి అని ఇద్దరికీ తోచింది. ఇంటికి పోయాక మనమే ఒక సభ పెట్టాలి అనుకున్నారు.

అనుకున్న పని జరగటానికి 8 సంవత్సరాలు పట్టింది. అది ఎలా జరిగిందో చూడాలంటే సెనెకా ఫాల్స్ నుంచి పడమరగా నాలుగు మైళ్ళు పోవాలి. అక్కడ వాటర్లూ అనే పక్క ఊరు ఉన్నది. 1848 జులై 9న ఆ ఊళ్ళో జేన్ హంట్ అనే ఆవిడ ఇంట్లో అయిదుగురు స్త్రీలు తేనీరు తాగటానికి చేరారు. లుక్రీషియా అటువైపు చుట్టాలను చూడటానికి వచ్చి ఉన్నది. ఆమె చెల్లెలు మార్తా రైట్, మేరీ ఆన్ మెక్లింటాక్, మన ఎలిజబెత్ మిగిలినవారు. ఎలిజబెత్ తన మనసులోని బాధ అంతా వెళ్ళబోసుకున్నది. బాధ చెప్పుకుని ఎవరి ఇంటికి వారు పోయి ఉంటే కథ అంతటితో సరి. కాని వారు కప్పులు పక్కన పెట్టి, పత్రికకు ఒక చిన్న ప్రకటన రాశారు. స్త్రీల స్థితిగతులనూ హక్కులనూ చర్చించటానికి సభ జరుగుతుందనీ, మొదటి రోజున ఆడవారు మాత్రమే రావాలనీ దాని సారాంశం. సభకు ఇంకా 10 రోజులే గడువు!

లుక్రీషియాకు ఆ సమయంలోనే మరొక దృశ్యం మనసులో ఉండి ఉంటుంది. సెనెకా, కయూగా అనేవి అసలు ఆ నేలమీద మొదటినుంచీ ఉన్న ఆదివాసుల జాతుల పేర్లు. ఆ ఎండాకాలంలోనే ఆమె సెనెకా జాతివారి పల్లెలకు వెళ్ళి వచ్చింది. వారి ఆచారం ప్రకారం నాయకుణ్ణి ఎన్నుకునేవారు ఆ కుదురులోని పెద్ద స్త్రీలు. నాయకుడు దారి తప్పితే అతన్ని తీసివేసేవారు కూడా వారే. ఆడవారికి అధికారం ఉంటే లోకం తలకిందులవుతుందని వాదించే తెల్లవారి ఇళ్ళ పక్కనే ఈ ఆచారం తరతరాలుగా నడుస్తూ ఉన్నది.

సభలో చదవటానికి ఒక ప్రకటన కావాలి. ఎలా రాయాలో తోచక పాత కాగితాలెన్నో తిరగవేశారు. చివరకు ఎలిజబెత్ 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తీసింది. మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారని చెప్పే చోట 'పురుషులు' అన్న మాటే ఉన్నది. దాని పక్కన ఆమె 'స్త్రీలు' అన్న మాట చేర్చింది. ఇంగ్లండు రాజు చేసిన అన్యాయాల పట్టిక ఉన్న చోట, స్త్రీలకు జరిగే అన్యాయాల పట్టిక పెట్టింది. మెక్లింటాక్ వారి ఇంట్లో గుండ్రటి బల్ల చుట్టూ కూచుని దీన్ని తయారుచేశారు. ఆ బల్ల ఇప్పుడు వాషింగ్టన్ నగరంలో ప్రదర్శనశాలవారి దగ్గర భద్రంగా ఉన్నది.

తీర్మానాలలో ఎలిజబెత్ ఒకటి కొత్తగా చేర్చింది: స్త్రీలకు వోటు కావాలి. దానితో అందరూ కంగారుపడ్డారు. అంత ధైర్యశాలి అయిన లుక్రీషియాయే, ఇది వింటే జనం మనల్ని చూసి నవ్వుతారు అన్నది. ఎలిజబెత్ మాత్రం ఆ తీర్మానం తీసివేయటానికి ఒప్పుకోలేదు.

ఇక తిరిగి సెనెకా ఫాల్స్ మందిరానికి పోదాం. బానిసత్వాన్ని సహించలేక పాత సంఘంనుంచి విడిపోయిన మెథడిస్టులు 1843లో దీన్ని కట్టారు. ఇక్కడ ఎవరైనా నిర్భయంగా మాట్లాడవచ్చునని దీనికి పేరు. జులై 19 ఉదయం సభవారు వచ్చి చూస్తే తలుపు మూసి ఉన్నది! లోపలికి పోయేది ఎలా? ఎలిజబెత్ అక్క కొడుకు డేనియల్ అనే కుర్రవాడు అక్కడ ఉన్నాడు. వాణ్ణి ఎత్తి కిటికీగుండా లోపలికి దించారు. వాడు పోయి లోపలి గడియ తీశాడు. ఆ కుర్రవాడే పెద్దయ్యాక యేల్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించే ఆచార్యుడు అయ్యాడు.

ఆ ఉదయం చుట్టుపక్కల దారులన్నీ బళ్ళతో నిండాయి. ఒక బండిలో షార్లెట్ వుడ్‌వర్డ్ అనే పిల్ల ఉన్నది. ఆమెకు 18, 19 ఏళ్ళు ఉంటాయి. చేతి తొడుగులు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించేది. ఆ డబ్బు కూడా తన ఇష్టప్రకారం తనకు దక్కేది కాదు. పత్రికలో ప్రకటన చూసి, స్నేహితురాళ్ళతో బయలుదేరింది. మొదట దారిలో వాళ్ళ బండి ఒక్కటే పోతున్నది. ఎవరూ రారేమో అనుకున్నారు. కొన్ని మైళ్ళు పోయేసరికి ఒక అడ్డదారినుంచి ఇంకొక బండి వచ్చి కలిసింది. తరవాత మరొకటి. ఊరు చేరేసరికి అది బళ్ళ వరస అయిపోయింది. ఈ సంగతి ఆమె ముసలితనంలో చెప్పుకున్నది.

రెండు రోజులలో సుమారు 300 మంది వచ్చారు. రెండవ రోజున పురుషులు కూడా వచ్చేసరికి, ఆడది అధ్యక్షత వహిస్తే బాగుండదని లుక్రీషియా భర్త జేమ్స్ మాట్‌ను అధ్యక్షుడుగా కూచోబెట్టారు. చూశారా, హక్కులు అడగటానికి వచ్చినవారికి కూడా పాత అలవాటు అంత సులభంగా వదలదు! 11 తీర్మానాలు చర్చకు వచ్చాయి. వోటు తీర్మానం దగ్గర మాత్రం గొడవ వచ్చింది. అప్పుడు ఫ్రెడరిక్ డగ్లస్ లేచాడు. ఆయన నల్లవాడు, ఒకప్పుడు బానిస, తప్పించుకు వచ్చి, చదువు నేర్చి, రాచెస్టర్ నగరంలో పత్రిక నడుపుతున్నాడు. నాకు ఏ హక్కు కావాలని అడుగుతున్నానో ఆ హక్కు స్త్రీకి వద్దని నేను ఎలా అనగలను అన్న ధోరణిలో ఆయన మాట్లాడాడు. తీర్మానం నెగ్గింది.

68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు, మొత్తం 100 మంది ప్రకటనమీద సంతకాలు చేశారు. వారిలో తొడుగులు కుట్టే షార్లెట్ కూడా ఉన్నది. తరవాత పత్రికలు వెక్కిరించాయి. ఇరుగుపొరుగు నవ్వారు. కొందరు సిగ్గుపడి తమ పేర్లు వెనక్కు తీసుకున్నారు. షార్లెట్ తీసుకోలేదు.

అక్కడినుంచి బజారు దాటి చెరువు గట్టుకు వస్తే మూడు కంచు విగ్రహాలు ఉన్నాయి. నడివీధిలో ఒకరికొకరు ఎదురైనట్టు నిలబడి ఉంటారు. ఒకరు ఎలిజబెత్. రెండవ ఆవిడ సూసన్ ఆంథొనీ. వారిద్దరికీ పరిచయం చేస్తున్న మూడవ ఆవిడ అమీలియా బ్లూమర్. ఈమె ఈ ఊళ్ళోనే 1849లో తాగుడు మాన్పించటానికి 'లిలీ' అనే పత్రిక పెట్టింది. నేలమీద జీరాడే బరువైన గౌనులకు బదులు, పొట్టి గౌనూ దానికింద వదులు పైజామా వేసుకోమని రాసి, తానూ అలాగే వేసుకుని నవ్వులపాలయింది. ఆ పైజామాకు ఆమె పేరే పెట్టారు.

సూసన్ కూడా తాగుడుకు వ్యతిరేకంగా పనిచేసేదే. భర్త తాగివచ్చి భార్య సంపాదన లాక్కుపోతే, ఆ డబ్బు అతనిదే అంటుంది చట్టం. 1852లో ఆల్బనీలో జరిగిన ఒక మద్యనిషేధ సభలో సూసన్ మాట్లాడబోయింది. ఆడవారిని పిలిచింది వినటానికే గాని మాట్లాడటానికి కాదు అన్నారు. లండన్‌లో జరిగిందే మళ్ళీ జరిగింది! ఆమె లేచి బయటికి వచ్చేసింది. ఆపైన ఎలిజబెత్ ఇంట్లో కూచుని ఉపన్యాసాలు రాసేది; సూసన్ ఊరూరా తిరిగి చెప్పేది. ఎలిజబెత్‌కు ఏడుగురు పిల్లలు. ఆమె రాసుకుంటూ ఉంటే సూసన్ ఆ పిల్లల్ని ఆడించేది. మంచు కురిసే చలికాలంలో సూసన్ బళ్ళమీద జిల్లా జిల్లా తిరిగి అర్జీలమీద వేల సంతకాలు పోగుచేసింది. 1860లో ఎలిజబెత్ ఆల్బనీ పోయి శాసనసభ్యుల ఎదుట మాట్లాడింది. తండ్రి చిన్నప్పుడు చెప్పిన పని అదే కదా! భార్య సంపాదన భార్యదే అనే చట్టం ఆ ఏడే వచ్చింది. కత్తెర వల్ల కాని పని సంతకాల వల్ల అయింది.

సెనెకా ఫాల్స్ నుంచి తూర్పుగా సుమారు 15 మైళ్ళు పోతే ఆబర్న్ అనే ఊరు. లుక్రీషియా చెల్లెలు మార్తా ఉన్న ఊరు అదే. హారియట్ టబ్మన్ ఇల్లు కూడా అక్కడే ఉన్నది. ఆమె బానిసగా పుట్టి, 1849లో పారిపోయి స్వేచ్ఛ పొందింది. అంతటితో ఊరుకోక, ప్రాణాలకు తెగించి సుమారు 13 సార్లు వెనక్కు పోయి దాదాపు 70 మందిని రాత్రివేళల నడిపించి తీసుకువచ్చింది. ముసలితనంలో స్త్రీల వోటు కోసం కూడా సభల్లో మాట్లాడింది. 1848 సభకు నల్ల స్త్రీలు వచ్చినట్టు దాఖలా లేదు. 1869లో నల్ల పురుషులకు ముందుగా వోటు ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు ఎలిజబెత్, సూసన్ ఎదురు తిరిగారు; ఎలిజబెత్ నల్లవారిని కించపరిచే మాటలు కూడా అన్నది. డగ్లస్ ఎంతో బాధపడ్డాడు. పెద్దవారు కూడా ఒక్కొక్కసారి తమ సొంత మాటకే దూరమవుతారు. వారి మంచిపనితోపాటు ఇది కూడా మనం తెలుసుకోవాలి.

వాయవ్యంగా రాచెస్టర్ నగరం ఉన్నది. అక్కడ 1872లో సూసన్ పోయి వోటు వేసింది. అందుకు ఆమెను నిర్బంధించి 100 డాలర్లు జుల్మానా వేశారు. ఆమె ఒక్క డాలరు కూడా కట్టలేదు. ఆమె సమాధి ఆ నగరంలోనే ఉన్నది. మన దేశంలో వోటు వేసినవారి వేలికి సిరా గుర్తు పెడతారు కదా. అక్కడ 'నేను వోటు వేశాను' అని రాసిన చిన్న కాగితపు బిళ్ళ ఇస్తారు. ఎన్నికల రోజున జనం ఆ బిళ్ళలు తెచ్చి ఆమె సమాధి రాతిమీద అంటించేవారు.

ఆ హక్కు చివరకు 1920లో వచ్చింది. అప్పటికి 35 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, ఇంకొక్కటి కావాలి. టెనెసీ రాష్ట్ర సభలో అటూ ఇటూ సమానంగా ఉన్నది. హారీ బర్న్ అనే 24 ఏళ్ళ సభ్యుడు వద్దు అనే పక్షాన కూచున్నాడు. అతని జేబులో తల్లి రాసిన ఉత్తరం ఉన్నది. ఆడవారికి వోటు ఇవ్వమని ఆమె అందులో చెప్పింది. అతను తల్లి మాట విని 'సరే' అన్నాడు. ఆ ఒక్క మాటతో అమెరికా స్త్రీలకు వోటు వచ్చింది. అయినా దక్షిణాది రాష్ట్రాలలో నల్ల స్త్రీలను, పురుషులను ఏవేవో సాకులతో అడ్డగించటం చాలాకాలం సాగింది. 1965లో గట్టి చట్టం వచ్చాకగాని ఆ అడ్డు తొలగలేదు.

1848లో సంతకాలు చేసిన 100 మందిలో 1920 దాకా బతికి ఉన్నట్టు తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె మన షార్లెట్. ఆమెకు అప్పటికి 90 ఏళ్ళు. ఎన్నికల రోజున ఒంట్లో బాగాలేక ఆమె వోటు వేయటానికి పోలేకపోయింది. 72 సంవత్సరాలు ఎదురుచూసిన హక్కును ఆమె వాడుకోలేదు. మిగిలిన కోటానుకోట్ల మంది వాడుకున్నారు.

పోయేముందు మళ్ళీ ఒకసారి మందిరం దగ్గరికి రండి. 1871లో దీన్ని అమ్మివేశారు. ఆ తరవాత ఇది నాటకశాల అయింది, సినిమాహాలు అయింది, కార్లు బాగుచేసే షెడ్డు అయింది, బట్టలుతికే దుకాణం కూడా అయింది! 1980లో ప్రభుత్వం దీన్నీ, ఎలిజబెత్ ఇంటినీ జాతీయ చారిత్రక స్థలాలుగా ప్రకటించి కాపాడసాగింది. మిగిలిన పాత గోడల ముక్కలను వదలకుండా, మందిరాన్ని తిరిగి నిలబెట్టారు.

దాని పక్కనే పొడుగాటి నీలిరాతి గోడ ఉన్నది. గోడ నిండా 1848 నాటి ప్రకటనా, సంతకాలు చేసినవారి పేర్లూ చెక్కారు. ఎండాకాలంలో ఆ అక్షరాలమీదుగా నీరు పలచగా జారుతూ ఉంటుంది. వేలితో వెతికితే తడిసిన పేర్లమధ్య షార్లెట్ వుడ్‌వర్డ్ పేరు దొరుకుతుంది.

పిల్లలూ! ఈ పత్రిక మూసేముందు ఒక పని చేయండి. మీ అమ్మమ్మనో నాయనమ్మనో, మొదటిసారి వోటు ఎప్పుడు వేశావు, ఆ రోజున ఎలా అనిపించింది అని అడిగి చూడండి. ఆమె చెప్పేది శ్రద్ధగా వినండి.